100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్నా రాత్రి 8 దాటితే టీవీలో బొమ్మ మసకబారుతోంది, ఎక్కడ వెతకాలి?

మియాపూర్ మూడో అంతస్తు:

నమస్తే అండి. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీ డబ్బా (ఫైబర్ తీగ వచ్చి కలిసేది) గుమ్మం పైన అటక అంచున ఉంది. వైఫై కూడా అందులోంచే వస్తోంది, వేరే రౌటర్ లేదు. ఇంట్లో మూడు టీవీలు.

హాల్లో 55 అంగుళాల 4కే గూగుల్ టీవీ. డబ్బాకు 5 మీటర్ల దూరం, మధ్యలో గోడ లేదు. పొద్దున బ్రహ్మాండంగా ఉంటుంది. రాత్రి 8 నుంచి 11 దాకా బొమ్మ ఉన్నట్టుండి అలికేసినట్టు అవుతుంది, కాసేపటికి మళ్ళీ తేటపడుతుంది. లైవ్ మ్యాచ్ అయితే చక్రం తిరుగుతూ ఆగిపోతుంది.

బెడ్‌రూమ్‌లో పాత ఫుల్ హెచ్‌డీ టీవీ, దాని వెనక ఫైర్ టీవీ స్టిక్. డబ్బాకూ దానికీ మధ్య రెండు గోడలు, ఒక ఇనుప బీరువా. ఇక్కడ పగలూ రాత్రీ చక్రమే.

అమ్మానాన్నల గదిలో ఆన్‌లైన్‌లో కొన్న ఆండ్రాయిడ్ బాక్స్. అట్ట మీద 4కే అని ఉంది. యూట్యూబ్ శుభ్రంగా వస్తుంది, కానీ నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ ఎప్పుడు పెట్టినా మసకే. ఆగడం మాత్రం ఉండదు.

డబ్బా పక్కన నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 94 చూపిస్తోంది. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే 300 ప్లాన్ తీసుకోమంటున్నారు. తీసుకుంటే బాగవుతుందా?

పిక్సెల్ లెక్క:

ప్లాన్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ముందు లెక్క చూడండి. నెట్‌ఫ్లిక్స్ తన 4కేకి అడిగేది 15 ఎంబీపీఎస్, 1080కి (ఫుల్ హెచ్‌డీ) 5. యూట్యూబ్ 4కేకి 20. మీ మూడు తెరలూ ఒకేసారి నడిచినా 50 దాటదు. 100 చాలకపోవడం కాదు, ఆ 100 టీవీ దాకా చేరడం లేదు. ఎక్కడో సన్నబడుతోంది. 300 తీసుకుంటే డబ్బా దాకా 300 వస్తుంది, అక్కడి నుంచి టీవీకి వెళ్ళే దారి ఇప్పుడున్నంత సన్నగానే ఉంటుంది.

మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు, ఒక్క మందుతో పోయేవి కావు. వీడియో కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్క నాలుగైదు నాణ్యతల్లో సర్వర్‌లో సిద్ధంగా ఉంటుంది. కిందటి ముక్క ఎంత వేగంగా వచ్చిందో, చేతిలో ఎంత నిల్వ ఉందో చూసుకుని యాప్ తర్వాతి ముక్కను ఎంచుకుంటుంది. వేగం తగ్గితే చిన్న ముక్క తెచ్చుకుంటుంది, అదే మీకు కనబడే మసక. నిల్వ పూర్తిగా అయిపోతే చక్రం. లైవ్‌లో ఇంకా జరగనిదాన్ని ముందుగా తెచ్చి దాచుకునే వీలు ఉండదు, అందుకే నిల్వ చాలా తక్కువ. సినిమా తట్టుకునే ఒడుదుడుకును మ్యాచ్ తట్టుకోలేదు.

ఒక పని చేయండి. టీవీలో యూట్యూబ్‌లో ఏదైనా 4కే వీడియో పెట్టి, సెట్టింగ్స్ చక్రం గుర్తులో స్టాట్స్ ఫర్ నెర్డ్స్ ఆన్ చేయండి. బొమ్మ మూలన చిన్న అక్షరాలతో పట్టిక వస్తుంది. అందులో మూడే చూడండి: కనెక్షన్ స్పీడ్, బఫర్ హెల్త్, డ్రాప్డ్ ఫ్రేమ్స్.

కనెక్షన్ స్పీడ్ కేబీపీఎస్‌లో ఉంటుంది, 20000 అంటే 20 ఎంబీపీఎస్. బఫర్ హెల్త్ సెకన్లు కరిగిపోతూ ఉంటే తప్పు నెట్‌వర్క్‌ది. బఫర్ నిండుగా ఉండి డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరుగుతూ పోతే టీవీ చిప్ ఆ వీడియోను విప్పలేకపోతోంది, దానికి నెట్ ఎంత పెంచినా లాభం లేదు. రెండూ బాగుండి ఇంకో యాప్‌లో మాత్రం మసకగా ఉంటే ఆ యాప్ మీ పరికరానికి ఇచ్చే అనుమతిలోనో, మీ ప్లాన్‌లోనో ఉంది కారణం.

తర్వాత వేగం కొలవండి. డబ్బా పక్కన ఫోన్‌లో కొలిచింది లెక్కలోకి రాదు. టీవీలోనే బ్రౌజర్ ఉంటే ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి, అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచే కొలుస్తుంది. టీవీలో బ్రౌజర్ లేకపోతే ఫోన్‌ను టీవీ వెనక ఆనించి పట్టుకుని కొలవండి. ఒకసారి పొద్దున, ఒకసారి రాత్రి 9కి. దాంతోపాటు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో డబ్బాకు కలిపి ఆ రెండు సమయాల్లోనే కొలవండి. తప్పు ఆపరేటర్‌దో ఇంట్లోదో ఈ కేబుల్ కొలతతోనే తేలిపోతుంది.

పెట్టె విప్పి చూడు:

ఆ ఆండ్రాయిడ్ బాక్స్ సంగతి నేను చెప్తాను, దానికి కొలతలేమీ అక్కర్లేదు.

యూట్యూబ్ శుభ్రంగా వచ్చి ఓటీటీ యాప్‌లు మాత్రం ఎప్పుడూ మసకగా ఉన్నాయంటే అది వైడ్‌వైన్ ఎల్3. సినిమాను దొంగిలించకుండా తాళం వేసి పంపుతారు, ఆ తాళమే వైడ్‌వైన్. ఆ తాళం చిప్ లోపలి భద్రమైన భాగంలో విప్పితే ఎల్1. మామూలు సాఫ్ట్‌వేర్‌లో విప్పితే ఎల్3. ఎల్3 పరికరాన్ని యాప్‌లు నమ్మవు కాబట్టి 480 దగ్గరే ఆపేస్తాయి. మామూలు యూట్యూబ్ వీడియోలకు ఈ తాళం ఉండదు, అందుకే అది బాగా వస్తోంది.

ప్లే స్టోర్‌లో డీఆర్‌ఎం ఇన్ఫో అనే యాప్ వేసుకుని సెక్యూరిటీ లెవెల్ అన్న వరుస చూడండి. ఇంకో గుర్తు కూడా ఉంది: నెట్‌ఫ్లిక్స్ తెరిచినప్పుడు రిమోట్ బాణాలు పనిచేయక మౌస్ పాయింటర్‌తో తిప్పాల్సి వస్తోందా? అయితే అది ఫోన్ కోసం చేసిన యాప్. టీవీ యాప్ రావాలంటే ఆ బాక్స్‌కు నెట్‌ఫ్లిక్స్ ధ్రువీకరణ కూడా ఉండాలి, ఒక్క ఎల్1 ఉంటే సరిపోదు.

ఎల్3ని ఎల్1 చేస్తామని వీడియోలు పెడతారు, నమ్మకండి. ఆ తాళంచెవి ఫ్యాక్టరీలో చిప్‌లోకి ఎక్కించేది, మనం తర్వాత ఎక్కించేది కాదు. అట్ట మీద 4కే అన్నది ఆ బాక్స్ హెచ్‌డీఎంఐలో పంపగలిగే సిగ్నల్ గురించి, యాప్‌లు ఇచ్చే నాణ్యత గురించి కాదు. దాన్ని యూట్యూబ్‌కే ఉంచి, ఓటీటీకి ధ్రువీకరణ ఉన్న స్టిక్ ఒకటి తీసుకోవడమే దారి. పెద్దవాళ్ళకు రిమోట్ కూడా తేలికవుతుంది.

ప్లాన్ కూడా ఒకసారి చూసుకోండి. నెట్‌ఫ్లిక్స్‌లో బేసిక్ 720 దగ్గర ఆగుతుంది, స్టాండర్డ్ 1080 దగ్గర. ప్రీమియంలోనే 4కే. హాల్లో 4కే టీవీ పెట్టుకుని స్టాండర్డ్ ప్లాన్‌లో 4కే రావడం లేదని రౌటర్లు మార్చేవాళ్ళు చాలామంది ఉన్నారు.

మియాపూర్ మూడో అంతస్తు:

ఇద్దరికీ ధన్యవాదాలు. బాక్స్ ఎల్3నే, డీఆర్‌ఎం ఇన్ఫోలో కనబడింది. మిగతా కొలతలు ఇవిగో, అన్నీ ఎంబీపీఎస్‌లో:

కేబుల్‌తో ల్యాప్‌టాప్: పొద్దున 95, రాత్రి 9కి 91.
హాల్ టీవీ: పొద్దున 38, రాత్రి 7.
బెడ్‌రూమ్ స్టిక్ దగ్గర: పొద్దున 9, రాత్రి 3.

హాల్ టీవీలో రాత్రి బఫర్ హెల్త్ 40 సెకన్ల నుంచి కరుగుతూ సున్నాకు వస్తోంది, డ్రాప్డ్ ఫ్రేమ్స్ సున్నా. ఫోన్‌లో వైఫై ఎనలైజర్‌తో చూస్తే చుట్టూ 23 నెట్‌వర్క్‌లు కనబడుతున్నాయి. మాది ఛానెల్ 6. డబ్బాలో 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లు రెండింటికీ ఒకే వైఫై పేరు పెట్టి ఉంది.

అర్థం కానిది ఒకటే. కేబుల్‌లో రాత్రి కూడా 91 వస్తుంటే, హాల్లో రాత్రి మాత్రమే ఎందుకు పడిపోతోంది?

వైఫై వైద్యం:

ఎందుకంటే రాత్రి 8కి మీ ఒక్క ఇంట్లోనే కాదు, పక్క ఫ్లాట్‌లోనూ పైన కిందా కూడా టీవీలు ఆన్ అవుతాయి. రద్దీ ఆపరేటర్ తీగలో లేదు, గాలిలో ఉంది.

వైఫై ఒక గదిలో అందరూ మాట్లాడుకున్నట్టు ఉంటుంది. ఒకరు మాట్లాడుతుంటే అదే ఛానెల్‌లో ఉన్న మిగతావాళ్ళు ఆగాలి. వాళ్ళ పాస్‌వర్డ్ వేరు, ఆపరేటర్ వేరు అయినా సరే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. మీ చుట్టూ ఉన్న 23 డబ్బాలూ ఆ మూడింటిలో సర్దుకోవాలి. మీ టీవీ పొద్దున 38 తెచ్చుకుని రాత్రి 7కి పడిపోయిందంటే అది 2.4లోనే కూర్చుంది.

రెండు బ్యాండ్‌లకు ఒకే పేరు ఉంటే టీవీ తనకు తోచిన దానికి కలుస్తుంది. 2.4 సిగ్నల్ గీతలు ఎక్కువగా కనబడతాయి కాబట్టి చాలా టీవీలు దాన్నే పట్టుకుని వదలవు. చేయాల్సింది ఇదీ:

ల్యాప్‌టాప్‌లో 192.168.1.1 తెరవండి. కొన్ని డబ్బాలకు చిరునామా వేరే ఉంటుంది, అడుగున స్టిక్కర్ మీద చూడండి. వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ స్టీరింగ్ లేదా స్మార్ట్ కనెక్ట్ అన్నది ఆపేసి, 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టండి. హాల్ టీవీని ఆ కొత్త పేరుకు కలిపి, పాత పేరును టీవీలో ఫర్గెట్ కొట్టండి. ఇది మరిచిపోతే కరెంటు పోయి వచ్చాక టీవీ మళ్ళీ పాతదానికే పోతుంది. 5లో ఛానెల్‌ను 36 లేదా 149 పెట్టండి, ఛానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్.

2.4ను అలా వదిలేయకండి, ఫోన్లకూ సీసీ కెమెరాలకూ అది కావాలి. వెడల్పు 20కి దించండి. 40 పెడితే వేగం పెరుగుతుందని పెడతారు, అపార్ట్‌మెంట్‌లో అది పక్కవాళ్ళ గొడవ కూడా నెత్తినేసుకోవడమే. ఛానెల్‌ను ఆటోలో వదలకుండా రాత్రి 9కి ఎనలైజర్ చూసి 1, 6, 11లో తక్కువ రద్దీ ఉన్నది మీరే పెట్టండి. చాలా డబ్బాలు ఆటోలో ఆన్ అయిన నిమిషంలో ఒకసారి చూసుకుంటాయి, ఆ తర్వాత పట్టించుకోవు. 3, 4, 9 లాంటి మధ్య ఛానెళ్ళు ఖాళీగా కనబడినా పెట్టొద్దు, అక్కడ రెండు వైపుల రొదా తగులుతుంది.

స్టిక్ దగ్గర ఎనలైజర్‌లో మీ సిగ్నల్ ఎంత ఉందో చెప్పండి. మైనస్ అంకె ఉంటుంది, సున్నాకు దగ్గరగా ఉన్నకొద్దీ మంచిది. మైనస్ 67 దాకా వీడియోకి ధైర్యంగా వాడొచ్చు. మైనస్ 75 దాటితే ఏ ఛానెల్ పెట్టినా పాట్లే.

స్టిక్‌కు రెండు చిన్న పనులు. టీవీ వెనక హెచ్‌డీఎంఐలో నేరుగా గుచ్చితే స్టిక్ మొత్తం టీవీ రేకు నీడలో ఉంటుంది. స్టిక్‌తో వచ్చే పొట్టి హెచ్‌డీఎంఐ తోకను వాడి దాన్ని టీవీ అంచు బయటికి వేలాడదీయండి. ఆ టీవీకి హార్డ్ డిస్క్ ఏదైనా యూఎస్‌బీ 3లో తగిలించి ఉంటే తీసి చూడండి, ఆ సాకెట్, ఆ వైరు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయి. కరెంటు కూడా టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా స్టిక్‌తో వచ్చిన అడాప్టర్ నుంచి ఇవ్వండి. టీవీ సాకెట్లు చాలావాటిలో 0.5 ఆంపియర్ మాత్రమే వస్తుంది, స్టిక్ అడాప్టర్ 1 ఆంపియర్‌ది.

ఫైబర్ జాయింట్:

ఈ కేసులో తీగ బాగానే ఉంది, రాత్రి 91 అంటే వంక పెట్టక్కర్లేదు. కానీ ఇదే సమస్యతో ఈ పేజీకి వచ్చేవాళ్ళ కోసం: కేబుల్‌తో కొలిచినప్పుడే రాత్రి పడిపోతుంటే అప్పుడు ఆపరేటర్‌ను గట్టిగా అడగాలి.

మన ఇళ్ళకు వచ్చే జీపాన్‌లో (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్ళకు పంచే పద్ధతి) ఒక పోర్ట్ నుంచి కిందికి 2.488 జీబీపీఎస్ వస్తుంది, దాన్ని 32 లేదా 64 ఇళ్ళకు పంచుతారు. 64 ఇళ్ళూ ఒకే క్షణంలో నిండుగా లాగినా తలకు 39 ఎంబీపీఎస్ దక్కుతుంది, అది కూడా 4కేకి సరిపోయేదే. కాబట్టి రాత్రి కేబుల్‌లోనే 10, 15కి పడిపోతే ఇరుకు ఇళ్ళకు పంచే స్ప్లిటర్ దగ్గర కాదు, ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న లింక్‌లో ఉందని అనుమానించాలి. వారం రోజులు రాత్రి 9 కొలతలు స్క్రీన్‌షాట్ తీసి పంపితే మాట దాటేయడానికి వీలుండదు.

వేళాపాళా లేకుండా పడిపోతుంటే ఓఎన్‌టీ పేజీలో ఆప్టికల్ పవర్ (తీగలో వచ్చే వెలుతురు బలం) చూడండి, ఆర్ఎక్స్ అని ఉన్నది. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య నిశ్చింత. మైనస్ 27 హద్దు, ఆ దగ్గర వాన పడినా ఎండ కాసినా లింక్ ఊగిసలాడుతుంది. ఆ పరిస్థితిలో ముందు చూడాల్సింది డబ్బా వెనక సన్న తీగ మడతే. అటక అంచున మేకు కింద నొక్కుకుపోయినా, రబ్బరు బ్యాండ్‌తో చిన్న చుట్టగా బిగించినా వెలుతురు అక్కడే కారిపోతుంది. చుట్ట కనీసం టీ సాసర్ అంత ఉండాలి. ఆకుపచ్చ కనెక్టర్ కొన ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలం దానితో కలిపితే సరిగ్గా ఆనదు. తీసిన కొనను కంటికెదురుగా పెట్టి చూడకండి. 1490 నానోమీటర్ల లేజర్ కంటికి కనబడదు, కనబడకపోతే లేదనుకోకూడదు.

మియాపూర్ మూడో అంతస్తు:

హాల్ టీవీని 5కి మార్చాను. రాత్రి 9కి 84 వచ్చింది, 4కే నిలకడగా ఉంది. మ్యాచ్ కూడా ఆగడం లేదు.

బెడ్‌రూమ్‌లో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మైనస్ 79, 2.4 మైనస్ 68. స్టిక్‌ను బయటికి వేలాడదీశాక రాత్రి 6 ఎంబీపీఎస్ వస్తోంది, అది కూడా నిలకడ లేదు. రిపీటర్ కొననా?

ఇంకొకటి. హాల్లో మ్యాచ్ ఆగకపోయినా, బంతి వెంట కెమెరా తిరిగినప్పుడు బొమ్మ చిన్నచిన్నగా కుదుపులతో కదులుతోంది. సినిమాల్లో అంతగా కనబడదు. బఫర్ నిండుగానే ఉంది.

పిక్సెల్ లెక్క:

ఆ కుదుపు నెట్‌ది కాదు. మన దేశంలో టీవీ ప్రసారం సెకనుకు 50 లెక్కన నడుస్తుంది, క్రికెట్ కెమెరాలూ అంతే. స్ట్రీమ్ 25 లేదా 50 ఫ్రేములతో వస్తుంది. మీ టీవీ మాత్రం యాప్‌లు నడిచేటప్పుడు 60 లెక్కన బొమ్మ గీస్తుంది. 50ని 60లో సర్దాలంటే ప్రతి ఐదు ఫ్రేములకు ఒకటి రెండుసార్లు చూపించాలి. నిలకడ బొమ్మలో తెలియదు, బంతి వెంట కెమెరా పరిగెత్తినప్పుడు సెకనుకు పదిసార్లు తడబడ్డట్టు కనబడుతుంది.

గూగుల్ టీవీలో డిస్‌ప్లే అండ్ సౌండ్‌లోకి వెళ్తే మ్యాచ్ కంటెంట్ ఫ్రేమ్ రేట్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. కొన్ని యాప్‌లు దాన్ని పాటించవు. స్టిక్ అయితే ఇంకా తేలిక: వీడియో రిజల్యూషన్‌లో 1080పీ 50 హెర్ట్జ్ అని విడిగా ఉంటుంది, మ్యాచ్ రోజు అది పెట్టి తర్వాత ఆటోకి తిప్పేయండి. మోషన్ స్మూతింగ్ పెంచమని ఎవరైనా చెప్తారు. అది మధ్యలో లేని ఫ్రేములను ఊహించి గీస్తుంది, బంతి చుట్టూ చెరిపినట్టు మరక వస్తుంది. నేనైతే వద్దంటాను.

వైఫై వైద్యం:

రిపీటర్ వద్దు. రిపీటర్ డబ్బా నుంచి విన్నదాన్ని మళ్ళీ గాలిలోనే స్టిక్‌కు చెప్పాలి. ఒకే బ్యాండ్‌లో ఆ రెండు పనులూ చేస్తే వేగం సగానికి పడుతుంది. పైగా బీరువా వెనక పెడితే దానికి అందేదే బలహీనమైన సిగ్నల్, దాన్ని ఎన్నిసార్లు తిప్పి చెప్పినా బాగుపడదు.

బెడ్‌రూమ్‌కు ఒక క్యాట్6 తీగ (నెట్‌వర్క్ కేబుల్) లాగి అక్కడ చిన్న డ్యూయల్ బ్యాండ్ రౌటర్ పెట్టండి. 15 మీటర్లు సరిపోతుందనుకుంటా. ఈథర్నెట్‌కు 100 మీటర్ల దాకా బెంగ లేదు. కొట్టులో అడిగేటప్పుడు పూర్తి రాగి తీగ అని అడగండి. చవకవి అల్యూమినియం మీద రాగి పూతవి, గోరుతో గీస్తే తెల్లగా బయటపడతాయి. రెండుసార్లు వంచితే విరుగుతాయి.

రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వైఫై మాత్రమే పంచేది) ఉంటే అది పెడితే చాలు. లేకపోతే దాని చిరునామా 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ ఆపేసి, తీగను వాన్‌లో కాకుండా లాన్ సాకెట్‌లో గుచ్చండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిస్తే రెండు డబ్బాలూ చిరునామాలు పంచడం మొదలుపెట్టి ఇంట్లో ఏదో ఒకటి నెట్ లేక కూర్చుంటుంది. 2.4 ఛానెల్ పెద్ద డబ్బాకు 1 ఇస్తే దీనికి 11 ఇవ్వండి. టీవీలు కదలవు కాబట్టి దీని 5కి వేరే పేరు పెట్టి స్టిక్‌ను దానికే కట్టేయండి. అమ్మానాన్నల గదికి కొత్త స్టిక్ వచ్చాక దాన్నీ దీనికే కలపొచ్చు.

మియాపూర్ మూడో అంతస్తు:

గోడ మీద తీగ కనబడితే ఇంట్లో ఒప్పుకోరు. పైపుల్లోంచి లాగొచ్చా? కరెంటు పైపు ఒకటి, పాత డిష్ తీగ పైపు ఒకటి హాల్ నుంచి బెడ్‌రూమ్‌కు ఉన్నాయి. డిష్ ఇప్పుడు వాడటం లేదు.

ఫైబర్ జాయింట్:

కరెంటు పైపులో వద్దే వద్దు. లోపల ఎక్కడైనా వైరు పై తొడుగు చిట్లితే 230 వోల్టులు నేరుగా మీ రౌటర్‌కూ, దాన్ని ముట్టుకున్నవాళ్ళకూ వస్తాయి.

డిష్ పైపు మీకు వరం. ఆ పాత తీగే లాగుడు తాడుగా పనికొస్తుంది. క్యాట్6 కొసలో 10 సెంటీమీటర్ల మేర తొడుగు తీసి, నాలుగు జతలను ఒక్కో జత ఒక్కో పొడవులో కత్తిరించండి, కొస సన్నగా ముక్కులా వస్తుంది. దాన్ని డిష్ తీగ పక్కన పెట్టి టేపు బిగించి చుట్టండి. ముడి వేస్తే మలుపులో ఇరుక్కుంటుంది. కొద్దిగా సబ్బు నీళ్ళు రాసి, ఒకరు ఇటు నుంచి తోస్తుంటే ఇంకొకరు అటు నుంచి నెమ్మదిగా లాగాలి. ఇరుక్కుంటే గుంజకండి, అరడుగు వెనక్కి తోసి మళ్ళీ లాగండి.

ముక్కు భాగం కోసేసి రెండు కొసలకూ ఒకే వరుసలో జాక్‌లు కొట్టించండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ల్యాప్‌టాప్ తగిలించి లింక్ వేగం చూడండి. రెండు వైపులా గిగాబిట్ సాకెట్లు ఉండి కూడా 100 చూపిస్తే నీలం జతో, గోధుమ జతో జాక్‌లో సరిగ్గా దిగలేదు, ఎందుకంటే 100కు నారింజ, ఆకుపచ్చ జతలే చాలు. మీ ప్లాన్‌కు ఆ 100 కూడా సరిపోతుంది. 10 చూపిస్తే మాత్రం జాక్ కోసి మళ్ళీ కొట్టించండి.